పండుగ పూట చిన్న పళ్ళెం

బరువు తగ్గడానికి చేసే గ్యాస్ట్రిక్ బైపాస్ శస్త్రచికిత్స నాకు జరిగి మూడేళ్ళు దాటింది. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఏం తినాలో, ఎంత తినాలో, ఎప్పుడు తినాలో చెప్పే కాగితాలు నాకు చాలానే ఇచ్చారు. వాటిని శ్రద్ధగా చదివాను, చాలావరకు పాటించాను కూడా. అయితే ఆ కాగితాలన్నీ మామూలు రోజుల కోసం రాసినవి. ఇంటినిండా బంధువులుండి, తెల్లవారినప్పటి నుంచి పొయ్యి ఆరకుండా వెలుగుతూ, పదిహేనుమంది ఒక్కసారిగా భోజనానికి కూర్చునే రోజున ఎలా తినాలో వాటిలో లేదు. ఆ సంగతి నేను ఒక్కొక్క పండుగా గడిచేకొద్దీ, కొంత బాధపడి నేర్చుకున్నాను. ఇటీవలే శస్త్రచికిత్స చేయించుకుని, రాబోయే మొదటి పండుగను తలచుకుని దిగులుపడుతున్నవారి కోసం ఇది రాస్తున్నాను.

కడుపులో జరిగిన మార్పు ఏమిటో ముందు చెప్పుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. పెద్దవారి జీర్ణాశయం భోజన సమయంలో సాగి లీటరు వరకు, ఒక్కొక్కసారి అంతకు మించి కూడా పడుతుంది. బైపాస్‌లో దాని పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. బరువు తగ్గడానికే చేసే మరో శస్త్రచికిత్స అయిన స్లీవ్ పద్ధతిలోనైతే జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం వరకు తీసివేసి, అరటిపండు ఆకారంలో సన్నని గొట్టాన్ని మాత్రమే మిగులుస్తారు. నెలలు గడిచేకొద్దీ ఈ చోటు కొంత పెరుగుతుంది, ఏడాది దాటాక చాలామంది పూటకు ఒక చిన్న కప్పుడు ఆహారం తినగలుగుతారు. ఆకలి కూడా మొదటి నెలల్లో బాగా తగ్గుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైభాగంలోనే కాబట్టి, ఆ భాగాన్ని తీసివేసే స్లీవ్‌లో ఇది మరీ స్పష్టంగా తెలుస్తుంది. కానీ పండుగ రోజున మనం ఆకలేసి మాత్రమే తినము. వంటింట్లోంచి వచ్చే వాసనకు తింటాము, చిన్ననాటి జ్ఞాపకానికి తింటాము, పక్కన కూర్చున్నవారు "నువ్వూ వేసుకో" అన్నందుకు తింటాము. ఆ కోరిక నాలో ఏమాత్రం తగ్గలేదని నాకు మొదటి పండుగ రోజునే తెలిసింది.

అప్పటికి ఆపరేషన్ అయి నాలుగు నెలలు. మెత్తని ఆహారం దశ దాటి, అందరూ తినేదే కొద్దికొద్దిగా తినవచ్చని డాక్టరు చెప్పి ఎన్నో రోజులు కాలేదు. పళ్ళెంలో చాలా తక్కువే పెట్టుకున్నాననుకున్నాను: రెండు కాల్చిన మాంసం ముక్కలు, కాస్త కూర, రెండు చెంచాల అన్నం. ఎదురుగా మా పిన్ని కూతురు కూర్చుంది. ఏడాదిగా ఒకరినొకరు చూసుకోలేదు కనుక ఆమె అడుగుతూనే ఉంది, నేను చెబుతూనే ఉన్నాను. మాటల్లో పడి మొదటి ముక్కను సరిగా నమలలేదు. అది దిగిందో లేదో చూసుకోకుండానే రెండోది నోట్లో పెట్టుకున్నాను. ఒక నిమిషం గడిచిందో లేదో, రొమ్ము ఎముక వెనుక ఎవరో బొటనవేలితో గట్టిగా అదిమిపట్టినట్టు నొప్పి మొదలైంది. నోట్లో నీళ్ళు ఊరడం మొదలై ఆగలేదు, ముక్కు కారింది, ఎక్కిళ్ళు వచ్చాయి. నెమ్మదిగా లేచి బాత్రూమ్‌లోకి వెళ్ళి, బయటికి ఏమీ వినపడకూడదని కుళాయి తిప్పి, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాను. నురగలాంటి జిగట లాలాజలం తప్ప ఏమీ పైకి రాలేదు, ఆ ముక్క కిందికీ దిగలేదు. కాసేపటికి తలుపు మీద చిన్న చప్పుడు. "పిన్నీ, అందరూ నీ కోసం చూస్తున్నారు" అని మా అక్క కూతురు పిలుస్తోంది. ఇరవై నిమిషాల తర్వాత నేను బయటికి వచ్చేసరికి బల్ల దగ్గర ఎవరూ లేరు. నా పళ్ళెం మాత్రం చల్లారిపోకుండా అమ్మ మరో పళ్ళెం బోర్లించి ఉంచింది.

ఆ రోజు నేను చేసిన పొరపాటు ఎక్కువ తినడం కాదు, త్వరగా తినడం. సంచి నుంచి పేగుకు వెళ్ళే దారి చాలా సన్నగా ఉంటుంది. పొడిబారిన మాంసం, మెత్తని రొట్టె, ముద్దగా అంటుకునే అన్నం నమలకుండా మింగితే అక్కడ నిలిచిపోతాయి. అందుకే ఒక్కొక్క ముద్దను ఇరవై ముప్పై సార్లు నమలాలని, భోజనానికి కనీసం ఇరవై నిమిషాలు తీసుకోవాలని చెబుతారు. ఒంటరిగా కూర్చున్నప్పుడు ఇది కష్టం కాదు. పదిమంది మధ్య కబుర్లు చెప్పుకుంటూ నమలడం లెక్కపెట్టుకోవడం మాత్రం నిజంగా కష్టం. నేను ఇప్పుడు చేసేది ఇది: ముద్ద నోట్లో పెట్టుకోగానే చెంచా కింద పెట్టేస్తాను, ఆ ముద్ద పూర్తిగా దిగిందని తెలిసేదాకా మళ్ళీ చేత్తో పట్టుకోను. మాట్లాడాలనిపిస్తే ముద్దకూ ముద్దకూ మధ్య మాట్లాడతాను, నోట్లో ముద్ద ఉన్నప్పుడు వింటాను. మాంసం తినాలనుకుంటే పులుసులోనో రసంలోనో మెత్తగా ఉడికినదాన్ని చిటికెన వేలి గోరంత ముక్కలు చేసుకుంటాను. చేప, గుడ్డు నాకు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

ఇక నీళ్ళ సంగతి. భోజనంతో పాటు నీళ్ళు తాగకూడదు, తిన్న తర్వాత కనీసం అరగంట ఆగాలి. ఉన్న కొద్ది చోటును నీళ్ళు ఆక్రమించుకుంటాయి, పైగా ఆహారాన్ని ముందుకు తోసుకుపోయి కడుపు నిండిన భావన నిలవకుండా చేస్తాయి. అలాగని రోజంతా తాగకుండా ఉంటే ఒంట్లో నీరు తగ్గిపోతుంది. రోజుకు లీటరున్నర వరకు నీళ్ళు కావాలి, అదీ గుక్కెడు గుక్కెడుగానే వెళ్ళాలి. పండుగ హడావిడిలో అందరికంటే ముందు నేను మరిచిపోయేది ఇదే కనుక, ఉదయం లేవగానే నా సీసా నింపి నేను తిరిగే చోటే కళ్ళెదుట పెట్టుకుంటాను. గ్యాస్ నిండిన పానీయాలు అసలు ముట్టను.

పళ్ళెంలో ఏది ముందు తినాలన్నది చాలా ముఖ్యం. మనకు రోజుకు 60 నుంచి 80 గ్రాముల దాకా ప్రోటీన్ అవసరమని సాధారణంగా చెబుతారు. పట్టేది పూటకు కొన్ని చెంచాలే అయినప్పుడు, ఆ చెంచాల్లో మొదటివి మాంసం, చేప, గుడ్డు, పప్పుధాన్యాలు, పెరుగు వంటివే కావాలి. ఆ తర్వాత కూరగాయలు. అన్నం, రొట్టె చివర, అదీ చోటు మిగిలితే. పండుగ వంటలు చాలావరకు ఈ వరుసకు ఎదురు నడుస్తాయి. ముందు తీపి వస్తుంది, తర్వాత వేపుళ్ళు వస్తాయి, ప్రోటీన్ ఉన్న వంటకం బల్ల మీదికి వచ్చేసరికి మన చోటు నిండిపోయి ఉంటుంది. అందుకే నేను ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, మొహమాటం లేకుండా ఆ ఒక్క వంటకాన్ని మాత్రం ముందుగా అడిగి పెట్టించుకుంటాను. ఇంతవరకు ఎవరూ తప్పుగా తీసుకోలేదు.

"సాయంత్రం విందు ఉంది కదా, పగలంతా ఏమీ తినకుండా ఉందాం" అనే ఆలోచన మామూలు కడుపు ఉన్నప్పటి అలవాటు. ఇప్పుడు అది పనికిరాదు. పస్తు ఉన్నంత మాత్రాన సంచిలో చోటు పెరగదు, ఆత్రం మాత్రం పెరుగుతుంది, ఆత్రంతో తింటే ఏమవుతుందో పైన రాశాను. పండుగ రోజున కూడా మామూలు వేళకు మామూలు చిన్న భోజనాలు చేసే వెళ్తాను.

తీపి గురించి కాస్త ఎక్కువగా రాయాలి, ఎందుకంటే పండుగకూ తీపికీ ఉన్న ముడి విప్పడం ఎవరి తరమూ కాదు. బైపాస్ చేయించుకున్నవారిలో చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థం సంచి నుంచి ఒక్కసారిగా చిన్నపేగులోకి జారుతుంది. గాఢంగా ఉన్న ఆ చక్కెర ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది. తిన్న పది నిమిషాల నుంచి అరగంట లోపల గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు మొదలవుతాయి, పడుకుంటే తప్ప నిలవలేనంత నీరసం వస్తుంది. దీన్నే డంపింగ్ అంటారు. స్లీవ్ అయినవారిలోనూ కొందరికి ఇది వస్తుంది. ఇంకో రకం ఆలస్యంగా, తిన్న ఒకటి నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది. వేగంగా పెరిగిన చక్కెరను చూసి శరీరం అవసరానికి మించి ఇన్సులిన్ విడుదల చేయడంతో రక్తంలో చక్కెర ఉండవలసిన స్థాయికంటే కిందికి పడిపోతుంది. చేతులు వణుకుతాయి, కళ్ళు తిరుగుతాయి, ఆలోచన మసకబారుతుంది.

నాకు ఈ రెండో రకం మా బంధువుల ఇంట్లో ఒక పండుగ మధ్యాహ్నం వచ్చింది. తీపి తిని రెండు గంటలైంది కనుక దానికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకు తట్టనే లేదు. అలసట అనుకున్నాను, రాత్రి నిద్ర చాలలేదనుకున్నాను. చేతిలోని గ్లాసు వణికి నీళ్ళు చీర మీద ఒలికేదాకా ఎవరికీ చెప్పలేదు. ఇలా జరిగినప్పుడు దాచుకోవద్దని గట్టిగా చెప్పాలనిపిస్తుంది. పక్కవారికి ముందుగానే తెలిసి ఉండాలి, పదే పదే వస్తుంటే డాక్టరుకు చెప్పి తీరాలి. అప్పటి నుంచి నేను తీపిని పూర్తిగా మానలేదు గానీ, ఖాళీ కడుపున తినను. ప్రోటీన్ తిన్న తర్వాత, ఒక్క చెంచా, నిజంగా ఇష్టమైనది ఒక్కటే. ఆ చెంచాను నేను ఐదు నిమిషాలు తింటాను. శస్త్రచికిత్సకు ముందు ఒక గిన్నెడు తిన్నా దాని రుచి ఇంత బాగా తెలిసేది కాదని నిజాయితీగా చెప్పగలను.

విందుల్లో మద్యం కూడా ఉంటే దాని విషయంలో చాలా జాగ్రత్త అవసరం. ఈ శస్త్రచికిత్సల తర్వాత మద్యం రక్తంలోకి త్వరగా చేరుతుంది, ఎక్కువ స్థాయికి చేరుతుంది. ఒకప్పుడు ఏమీ అనిపించని మోతాదే ఇప్పుడు మనిషిని పడేస్తుంది. ప్రయాణాల్లో, బంధువుల ఇళ్ళలో విటమిన్ మాత్రలు మరిచిపోవడం మరో పొరపాటు. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ పండుగ సెలవులకు కూడా మనతో రావాలి. తలనొప్పి వచ్చిందని ఎవరో ఇచ్చిన నొప్పి మాత్ర వేసుకోకూడదు. ఐబుప్రొఫెన్ లాంటివి బైపాస్ అయినవారిలో కడుపులో పుండ్లకు దారితీయవచ్చు. వాంతులు ఒకటి రెండు రోజులైనా ఆగకపోతే పండుగ అయ్యాక చూద్దామని ఊరుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. వాంతుల వల్ల ఒంట్లో థయమిన్ అనే బీ1 విటమిన్ తగ్గిపోతే నరాలకు, మెదడుకు ప్రమాదం.

వీటన్నిటికంటే నాకు కష్టమనిపించింది మనుషుల మాట. తిండి పెట్టడంలో ప్రేమ ఉంటుంది, వద్దనడం ఆ ప్రేమను వద్దన్నట్టు వినిపిస్తుంది. మా పెద్దమ్మ మొదటి ఏడాది నా పళ్ళెం చూసి, "ఇంత కష్టపడి చేసింది నువ్వు తింటావనే కదే, ఆ పిట్ట తిండి ఏమిటి?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను అప్పుడు నా ఆపరేషన్ గురించి పేగుల లెక్కలన్నీ చెప్పాను. ఆవిడకు అవి ఎక్కలేదు. మరుసటి ఏడాది వేరేలా చేశాను. పండుగకు ముందు రోజే వెళ్ళి, కూరగాయలు తరుగుతూ వంటింట్లో ఆవిడ పక్కన కూర్చున్నాను. ఉప్పు సరిపోయిందా అని ఆవిడ అడిగినప్పుడల్లా చెంచా కొసతో రుచి చూసి చెప్పాను. భోజనాల వేళ నా పళ్ళెంలో ఎంత ఉందో ఆవిడ చూడనే లేదు. ఆపరేషన్ సంగతి ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు అన్నది మాత్రం ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. "డాక్టరు చెప్పారు, కొద్దికొద్దిగానే తినాలి" అన్న ఒక్క మాట చాలామంది దగ్గర సరిపోతుంది.

ఇబ్బంది కలుగుతుందన్న భయంతో విందులకు వెళ్ళడమే మానేసినవారు నాకు తెలుసు. మొదటి పండుగ తర్వాత నేనూ ఒకసారి ఆరోగ్యం బాగాలేదని చెప్పి ఇంట్లోనే ఉండిపోయాను. ఆ సాయంత్రం ఇంట్లో ఒంటరిగా కూర్చుని, ఆకలి లేకుండానే, డబ్బాలోంచి చిరుతిండి గంటల తరబడి కొంచెం కొంచెంగా తింటూ ఉండిపోయాను. తగ్గిన బరువు మళ్ళీ పెరగడానికి ఒక కారణం ఈ కొరుకుడు అలవాటే. సంచి చిన్నదే అయినా, మధ్యలో ఖాళీ ఇస్తూ రోజంతా తింటే అది అడ్డుకోలేదు. ఆ రోజు నేను బల్ల దగ్గర అందరితో కూర్చుని ఉంటే అంతకంటే ఎంతో తక్కువ తినేదాన్ని.

మొన్నటి పండుగకు అమ్మ ఇంటికి వెళ్ళాను. పెద్ద పళ్ళేల వరుసలో నా చోట మాత్రం అంచు కాస్త వంగిన చిన్న స్టీలు పళ్ళెం ఉంది. నా చిన్నప్పటిది, అటక మీద నుంచి తీయించి తోమించిందట. ముందు చేప ముక్క, తర్వాత పప్పు రెండు చెంచాలు, ఒక చెంచా కూర, అంచున తీపి ఒకే ఒక్క ముక్క. ఆ పళ్ళెంలో అది నిండుగా కనిపించింది. మిగిలినవారు రెండోసారి, మూడోసారి వడ్డించుకుంటుంటే నేను నెమ్మదిగా నములుతూ, వాళ్ళ మాటలు వింటూ చివరిదాకా కూర్చున్నాను. సగం చేప ముక్క మిగిలిపోయింది.

"చాలా తల్లీ?" అని అడిగింది అమ్మ.

"చాలమ్మా."

ఆ ముక్కను చిన్న గిన్నెలోకి తీసి, మూత పెట్టి, ఫ్రిజ్‌లో ముందు వరుసలో ఉంచింది. "సాయంత్రం తిందువులే" అంది.