మైనస్ పది రూపాయల ఎర్రగడ్డలు

పడుకుందామంటే ఆ ఎర్రసిరా గీత కళ్లలోంచి పోవడం లేదు. చిన్నదాని ట్యూషన్ పరీక్ష పేపరు. నాలుగు మార్కుల లెక్కకి రెండు వేశారు. జవాబు తప్పా అంటే కాదు. పెన్ను 5 రూపాయలు, పెన్సిలు 3 రూపాయలు, సరిగ్గానే రాసింది. పక్కన సారు రాత: ‘స్టెప్స్ లేవు’.

లెక్క పదో తరగతి పుస్తకంలోదే. 5 పెన్సిళ్లు, 7 పెన్నులు కలిపి 50 రూపాయలు. 7 పెన్సిళ్లు, 5 పెన్నులు కలిపి 46. ఇది ఏం చేసిందంటే, రెండూ కూడేసింది. పన్నెండేసి పెన్సిళ్లూ పెన్నులూ 96 అయితే జత 8. తర్వాత యాభైలోంచి నలభై ఆరు తీసేసింది. రెండు పెన్సిళ్ల బదులు రెండు పెన్నులు తీసుకున్నందుకు 4 ఎక్కువైంది, కాబట్టి పెన్సిలు కంటే పెన్ను 2 రూపాయలు ఎక్కువ. అంతే, మూడు వరుసల్లో అయిపోయింది. నాకైతే ముద్దొచ్చింది.

సారుకి ముద్దు రాలేదు. ఆయనకి కావాల్సింది వేరే. పెన్సిలు వెల x, పెన్ను వెల y అనుకుందాం అని మొదలుపెట్టాలి. మొదటి సమీకరణాన్ని 7తో, రెండోదాన్ని 5తో హెచ్చించాలి. 35xలు కొట్టేసుకుంటూ 24y = 120 దగ్గరికి రావాలి. పేజీ నిండాలి. పాప బుర్రలో ఆ రెండు కొనుగోళ్లు కళ్లకి కట్టినట్టు కనబడ్డాయి కదయ్యా, ఇంకేం కావాలి? నెలనెలా ఫీజు కట్టేది పిల్ల ఆలోచించాలనా, పేజీ నింపాలనా? (అసలు 3 రూపాయల పెన్సిలు ఏ అంగట్లో దొరుకుతుందో కూడా ఆ సారే చెప్పాలి.)

అన్నం తినేటప్పుడు ఈయన ముందు ఇదే ఎత్తాను. పాతకాలపు లెక్కల పండితుడు మహావీరాచార్యుడిని కూడా లాక్కొచ్చాను. 9వ శతాబ్దం, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలం. మన పావులూరి మల్లన 11వ శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఆయన గణితసార సంగ్రహాన్నే. అందులో అచ్చం ఇలాంటి లెక్క ఉంది: 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి 107, 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిపి 101. ఏది ఎంత? ఆయన x అనలేదు, y అనలేదు. పెద్ద మొత్తాన్ని పెద్ద సంఖ్యతో, చిన్న మొత్తాన్ని చిన్న సంఖ్యతో హెచ్చించి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, ఆ సంఖ్యల వర్గాల తేడాతో భాగించమన్నాడు. 963లోంచి 707 పోతే 256, దాన్ని 32తో భాగిస్తే 8. మాదీఫలం 8, వెలగపండు 5. చిన్నదాని పద్ధతిలో చేసినా అవే వస్తాయి. మరి ఆయనకీ రెండు మార్కులే వేస్తారా అని అడిగాను.

‘మహావీరాచార్యుడు బోర్డు పరీక్ష రాయలేదు’ అని మజ్జిగ పోసుకున్నాడు ఈయన. ఈ మనిషితో వాదన ఎప్పుడూ ఇంతే.

కోపం కాస్త చల్లారాక గుర్తొచ్చింది మా నాయన మార్కెట్ నుంచి తెచ్చిన చీటీ. నేను తొమ్మిదిలో ఉన్నా. కోడుమూరు దగ్గరి మా చేను ఎర్రగడ్డలూ (ఉల్లిపాయలే), చిన్నాయన చేనువీ ఒకే ట్రాక్టర్‌లో కర్నూలు మార్కెట్ యార్డుకి పోయాయి. మావి పెద్దగడ్డ 10 సంచులు, చిన్నగడ్డ 10. చిన్నాయనవి పెద్దగడ్డ 10, చిన్నగడ్డ 20. రాత్రి ఇద్దరూ చీటీలు పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. మాది 2,000, చిన్నాయనది 1,900. సంచి ఎంతకి పోయిందో ఆ చీటీల్లో లేదు, చేతికొచ్చిన మొత్తమే ఉంది. ‘ఏం పాపా, లెక్కలు బాగా చేస్తావంట, ఇది తేల్చు’ అన్నాడు చిన్నాయన.

బడిలో అప్పుడే నేర్చుకున్న ఉత్సాహం. పలక మీద x, y రాశా. ఒకదాంట్లోంచి ఒకటి తీసేశా. 10y = –100. చిన్నగడ్డ సంచి వెల మైనస్ పది రూపాయలు! మళ్లీ చేశా, మళ్లీ మైనస్ పదే. నాయన పడీపడీ నవ్వాడు. ‘నిజమే, సంచికి పది రూపాయలు మనమే ఇచ్చి అమ్ముకున్నట్టుంది’ అన్నాడు. చిన్నాయన మాత్రం నవ్వలేదు. కాసేపటికి నాయనకే తట్టింది, ట్రాక్టర్ బాడుగ 600 మొత్తం చిన్నాయన చీటీలోనే పట్టుకున్నారని. అది కలిపితే 2,500. అప్పుడు చిన్నగడ్డ 50, పెద్దగడ్డ 150. మా వంతు బాడుగ నాయన ఆ రాత్రే చిన్నాయన చేతిలో పెట్టాడు.

ఆ మైనస్ మరీ అంత నవ్వులాటేం కాదులెండి. 2025లో ధర పడిపోయి, ప్రభుత్వం క్వింటాలుకి 1,200 ప్రకటించాల్సి వచ్చినప్పుడు మా ఊళ్లో అందరూ వేసుకున్నది ఆ లెక్కే. గడ్డ పెరికిన కూలీ, సంచులు, బాడుగ పోతే మిగిలేది ఎంత?

ఇదంతా రాస్తుంటే సారు మీద కోపం కొంచెం జారిపోతోంది. నేను x అన్నది మండీలో పలికిన ధర. చీటీలో ఉన్నదేమో కోతలన్నీ పోను చేతికొచ్చింది. ఏది దేని వెలో మొదట ఒక వరుస రాసుకుంటే అక్కడే ఆగి, మధ్యలో ఏం పట్టుకున్నారని అడిగేవాళ్లం. పెన్నుల లెక్కలో బాడుగ ఉండదు కాబట్టి చిన్నదానికి ఆ వరుస దండగనిపిస్తుంది. రేపు ఇంటర్‌లో, ఆ తర్వాత ఏ బ్యాంకు అప్పు కాగితంలోనో అవసరపడుతుంది. ‘అనుకుందాం’ వరుస కావాల్సిందే, ఒప్పుకుంటా.

అయినా దానికి ఒక మార్కు తగ్గిస్తే సరిపోదా? రెండెందుకు? ఇక ఆ 35xల గొడవంతా ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. కూడి, తీసివేసి చేయడం కూడా పద్ధతే కదా. సారుకి ఫోన్ చేసి మర్యాదగానే అడగాలని ఉంది. కాకపోతే ఈ నెల ఫీజు ఇంకా కట్టలేదు. కట్టాక అడుగుతా.