సుద్దముక్క, నల్లబల్ల, నెలనెలా వేతనం

1960లో డెన్మార్క్ భౌతికశాస్త్రవేత్త నీల్స్ బోర్ మద్రాసు వచ్చినప్పుడు, అక్కడి భౌతికశాస్త్రవేత్త అల్లాడి రామకృష్ణన్ తన ఇంట్లోనే విద్యార్థులను కూర్చోబెట్టుకొని నడుపుతున్న సైద్ధాంతిక భౌతికశాస్త్ర గోష్ఠిని చూసి బాహాటంగా మెచ్చుకున్నారు. ఆ మాట నెహ్రూ దాకా వెళ్లింది, నాటి మద్రాసు రాష్ట్ర మంత్రి సి. సుబ్రహ్మణ్యం చొరవ చూపారు, 1962 జనవరిలో అక్కడ గణితశాస్త్రాల పరిశోధన సంస్థ వెలిసింది. రామకృష్ణన్ మన నెల్లూరు సీమలో పుట్టిన న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కుమారుడే. నేడు ఆ సంస్థను పోషిస్తున్నది ప్రధానంగా కేంద్ర అణుశక్తి విభాగం.

సైద్ధాంతిక పరిశోధనకు భారీ యంత్రాలు అక్కర్లేదు. దానికి కావలసింది మనుషులు, వాళ్లకు తీరిక, పరిశోధన పత్రికలు, తోటి శాస్త్రజ్ఞులను కలుసుకోవడానికి ప్రయాణ ఖర్చులు. అందుకే ఇక్కడ నిధుల కొరత నేరుగా మనిషి మీదే పడుతుంది. 2023లో పరిశోధక విద్యార్థులకిచ్చే జూనియర్ ఫెలోషిప్‌ను నెలకు 37,000 రూపాయలకు పెంచారు, సంతోషమే. కానీ నేను పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ సొమ్ము నెలల తరబడి రాక, గది అద్దె కోసం ట్యూషన్లు చెప్పుకున్న రోజుల్లో ఒక లెక్క సగంలోనే ఆగిపోయింది. మళ్లీ దాన్ని అందుకోలేకపోయాను.

దేశంలో పరిశోధనలకు నిధులిచ్చేందుకు 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థకు ఐదేళ్లలో 50,000 కోట్లు సమకూర్చాలని తలపెట్టారు. అందులో అధికభాగం ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలన్నదే నన్ను కలవరపెడుతోంది. కృష్ణబిలం (బ్లాక్ హోల్) మీద రాసే సమీకరణానికి ఏ పరిశ్రమ పెట్టుబడి పెడుతుంది? సైద్ధాంతిక పరిశోధన వాటాను ప్రభుత్వమే విడిగా, ముందుగా కేటాయించాలి.