మా చెరువులో బొచ్చె పిల్ల ఎందుకు పెరగలేదంటే

పోయినేడాది సంక్రాంతి ముందు విసురు వల వేసి చూస్తే గుండె జారిపోయింది. సెప్టెంబరులో వదిలిన బొచ్చె (కట్ల) చేప పిల్ల వంద గ్రాములు కూడా లేదు. జిలేబి (తిలాపియా) చేప మాత్రం గంపెడు పడింది.

పరకాల దగ్గర మా ఊరి చెరువును మత్స్య సహకార సంఘం చూసుకుంటుంది. బాపు అందులో సభ్యుడు. "ఇత్తనమే మంచిది కాదు బిడ్డా" అన్నాడు. సంఘంలో అందరిదీ అదే మాట. డిగ్రీలో జువాలజీ చదివానని ఆ సంగతి తేల్చే పని నాకు అంటగట్టారు.

అదే లారీ పిల్లను పక్క ఊరి చెరువులోనూ పోశారు. తరాజు పట్టుకుని అక్కడికే పోయాను. వాళ్ల బొచ్చె నాలుగు వందల గ్రాములు తూగింది. ఇక విత్తనాన్ని ఏమంటాం?

మోచేతి దాకా చెయ్యి ముంచి చూశాను. అక్కడ పచ్చటి నీళ్లలో అరచెయ్యి కనబడలేదు. మా చెరువులో గోళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. తేటగా ఉందని మురిసిపోవద్దు, పిల్లకు మేత లేదన్నమాట. మూడో వంతు చెరువును నీటి మీద తేలే కలుపు మొక్క, గుర్రపు డెక్క కమ్మేసింది. దాని కింద ఎండ దిగదు, నీటిలోని సారమంతా వేర్లే లాగేస్తాయి. కంటికి కనబడని నాచు పుట్టకపోతే దాన్ని తినే సన్న పురుగులూ ఉండవు. పైనీళ్లలో ఆ పురుగుల్ని వడగట్టుకుని తినేదే బొచ్చె. ఉన్న కాస్త మేతకూ జిలేబి పోటీ. ఆఫ్రికా జాతి, మన దేశంలోకి 1952లో వచ్చింది. గుడ్లను నోట్లోనే పొదుగుతుంది, నాలుగు నెలలు నిండకముందే దాని పిల్లలూ పిల్లల్ని పెడతాయి. చెప్పొద్దూ, పులుసుకు మాత్రం బాగుంటుంది.

డెక్కకు మందు కొడదామన్నాడు మా కాక. వద్దన్నాను. అంత డెక్క ఒక్కసారి కుళ్లితే నీటిలో ఆక్సిజన్ పోయి ఉన్న చేపలూ తేలతాయి. తాళ్లు కట్టి పదకొండు రోజులు లాగాం. తెలివితక్కువ పని నాదే: కుప్పలన్నీ కట్ట మీదే వేయించాను. ఫిబ్రవరిలో అకాల వాన పడి సగం మళ్లీ నీళ్లలోకి జారింది. బాపు ఒక్క మాటా అనలేదు, ట్రాక్టర్ కిరాయి చిట్టీ మాత్రం నా చేతిలో పెట్టాడు. రెండోసారి తీసింది దూరంగా పడావు భూమిలో పోయించాం.

ఎండాకాలం నీళ్లు తగ్గాక లాగుడు వలతో జిలేబిని పట్టాం. అంతా పోలేదు, పోదు కూడా. అందుకే వానలకు వచ్చిన పిల్లను నేరుగా వదలకుండా, సన్నకన్ను వలతో మడి కట్టి, తవుడు, పల్లి చెక్క వేస్తూ నెలన్నర పెంచి, జానెడు చేశాక వదిలాం.

ఈ సంక్రాంతికి బొచ్చె మూడు వందల యాభై తూగింది. పక్క ఊరంత కాదు. నిన్న తూము దగ్గర మళ్లీ మూడు డెక్క మొక్కలు కనబడ్డాయి. కాక పంచె ఎగగట్టుకుని దిగాడు.