చెరువు కట్ట మీది సగం శాసనం

మా అమ్మమ్మ వాళ్ల ఊరు నల్లగొండకు బస్సులో గంట దూరం. అక్కడ చెరువు మత్తడి (అలుగు) పక్కన బట్టలు ఉతికే బండ ఒకటుంది. పోయిన నెల ఒక ఆదివారం దాన్ని కొబ్బరి పీచుతో రుద్దాను. సబ్బు జిడ్డు వదిలాక పై మూలన చంద్రవంక, దాని కింద ఐదు వరుసల అక్షరాలు తేలాయి. తడి కాగితం పరిచి, బ్రష్‌తో తట్టి, సిరా అద్ది నకలు తీశాను. శాసనాల మీద చంద్రుడికి జోడుగా సూర్యుణ్నీ చెక్కుతారు. ఆ సూర్యుడు ఉండాల్సిన వైపు రాయే లేదు. నాలుగో వరుసలో "చెఱువు వెనుక మఱుతు" దాకా ఉంది. మఱుతురు అంటే పాతకాలపు భూమి కొలత. ఎన్ని మఱుతుర్ల భూమి, ఎవరికి ఇచ్చారు అన్నది విరిగిన సగంతో పోయింది.

ఆ బాధలో ఉండగానే ఉరార్తు రాజుల శాసనాల గురించి చదివాను. ఇప్పటి తుర్కియేలో తూర్పున ఉన్న వాన్ సరస్సు చుట్టూ, క్రీ.పూ. 9వ శతాబ్దం నుంచి ఏలినవాళ్లు వాళ్లు. మేకుల్లాంటి అక్షరాలతో రాళ్ల మీద చెక్కించారు. అక్కడా దొరికేవి చాలావరకు ముక్కలే. అయినా పండితులు వాటిని చదవగలుగుతున్నారు. హల్ది దేవుడి మహిమ, రాజు పేరు, తండ్రి పేరు చాలా రాళ్లలో ఒకే వరసలో వస్తాయి. "మెనువా కొడుకు" అన్నంత మిగిలితే చాలు, ముందు పోయిన పేరు అర్గిష్తి అని ఊహించొచ్చు. మన శాసనాల్లో "స్వస్తి" తర్వాత బిరుదులు వచ్చినట్టే. బిరుదులను వేరే శాసనాల నుంచి పూరించుకోవచ్చు. భూమి లెక్క మాత్రం ఆ ఒక్క రాయిలోనే ఉంటుంది.

ఆ ఉరార్తు రాజు మెనువా సుమారు 50 కిలోమీటర్ల కాలువ తవ్వించి, దానికి తన పేరే పెట్టి, దారి పొడవునా రాళ్లు చెక్కించాడు. ఈ రాత చెరిపినవాణ్ని, ఈ కాలువ నేనే తవ్వించానన్నవాణ్ని హల్ది, తుఫాను దేవుడు తైషెబా, సూర్యదేవుడు శివిని నాశనం చేయాలని శాపం కూడా రాయించాడు. తర్వాతి జనం మాత్రం దాన్ని కథల్లోని షామిరామ్ రాణి కాలువ అన్నారు. ఎవరి పేరైతేనేం, నీళ్లు పారాయి. నల్లగొండ పక్కనున్న మన పానగల్లు ఉదయసముద్రం చెరువు కూడా అంతే. ఒకప్పుడు ఇక్కడ ఏలిన కందూరు చోడుల నాటి ఆ చెరువులోకి ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్లొస్తున్నాయి.

వాన్ దగ్గర ఉరార్తు శాసనాల రాళ్లు కొన్ని చర్చి గోడల్లో దొరికాయట. అది చదవగానే మా మత్తడి గుర్తొచ్చింది. మళ్లీ వెళ్లి, రోజూ ఆ బండ మీద బట్టలు ఉతికే పెద్దమ్మను అడిగాను.

"గీ బండకు జోడు ఇంకోటి ఉండె బిడ్డా. మత్తడి బాగుచేసిన్నాడు రాళ్లల్ల కలిపి కట్టిన్రు. నీళ్లు దిగితే కనవడ్తది" అంది. ఎక్కడో చేత్తో చూపించింది కూడా, కింది నుంచి మూడో వరుస, తూము వైపు.

ఇప్పుడు అక్కడ నడుం లోతు నీళ్లున్నాయి. కాగితాలు, సిరా సర్ది పెట్టుకున్నాను. ఎండలు ముదిరేదాకా ఆగాలి.