ఐదు చక్రాల తాళం దగ్గర పోయిన 18 నిమిషాలు

బ్యాంకు పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) ఉద్యోగం కోసం మూడేళ్లు చదివాను. మొదటి రెండుసార్లు ప్రిలిమ్స్ దాటి, మెయిన్స్ రీజనింగ్ దగ్గర ఆగిపోయాను. మూడోసారి వచ్చింది. ఇప్పుడు ప్రొబేషన్‌లో ఉన్నాను. రోజుకు ఎన్ని గంటలు చదివావు, కరెంట్ అఫైర్స్ ఎక్కడ చూశావు అని చాలామంది అడుగుతున్నారు. అవన్నీ ఇప్పటికే ఎంతోమంది బాగా రాశారు. నేను ఒక్క పజిల్ గురించే రాస్తాను. నా రీజనింగ్ మారింది దాని దగ్గరే.

మూడో ప్రయత్నం మొదలుపెట్టిన ఏప్రిల్‌లో విజయవాడలో ఒక సెంటర్‌కు వెళ్లి మెయిన్స్ మాక్ (నమూనా పరీక్ష) రాశాను. అందులో ఐదు ప్రశ్నల సెట్ ఒకటి. ఒక పెట్టెకు నంబర్ తాళం. వరసగా ఐదు చక్రాలు, ఒక్కోదాని మీద 0 నుంచి 9 వరకు అంకెలు. 9 తర్వాత మళ్లీ 0. చిక్కంతా ఎక్కడంటే, ఏ చక్రాన్ని ఒక అంకె ముందుకు తిప్పినా దాని పక్కనున్న చక్రాలు కూడా ఒక అంకె ముందుకు జరుగుతాయి. మొదటిది తిప్పితే మొదటిది, రెండోది కదులుతాయి. మూడోది తిప్పితే రెండు, మూడు, నాలుగు కదులుతాయి. ఇప్పుడు 00000 దగ్గర ఉంది, 46139 రావాలి.

నేను వెంటనే తిప్పడం మొదలుపెట్టాను. మొదటి చక్రాన్ని 4కి తెచ్చాను, రెండోదీ 4 అయింది. దాన్ని 6 చేద్దామని తిప్పితే మొదటిది 6 అయి కూర్చుంది. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడిపోతోంది. గడియారం చూసుకునేసరికి 18 నిమిషాలు అయిపోయాయి. ప్రిలిమ్స్‌లో 35 రీజనింగ్ ప్రశ్నలకు మనకిచ్చేదే 20 నిమిషాలు. ఒక్క సెట్ మీద దాదాపు అంత సమయం పెట్టి, చివరికి ఊహించి రెండు గుర్తించాను. రెండూ తప్పే. తప్పుకు ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు కోత ఎలాగూ ఉంది. తిరుగు రైల్లో కృష్ణా కెనాల్ దాటి, మంగళగిరి దాటి, గుంటూరు స్టేషన్‌లో దిగేదాకా రఫ్ పేపర్ మీద అదే తాళం తిప్పుతూ వచ్చాను. రాలేదు.

అప్పట్లో బ్రాడీపేటలో మేడ మీద ఒక గది. నాతో పాటు వినుకొండ దగ్గరి ఊరి తమ్ముడు ఒకడు ఉండేవాడు, నాకంటే మూడేళ్లు చిన్న. ఆ రోజు వాళ్ల నాన్న మిర్చి యార్డుకు టిక్కీలు (మిరప బస్తాలు) వేసుకొచ్చి, రాత్రికి మా గదిలోనే పడుకున్నారు. ఆయన కండువాకు అంటిన మిరప ఘాటుకు మేమిద్దరం తుమ్ముతూనే ఒక పాత శుభలేఖ అట్టను ఐదు గుండ్రాలుగా కత్తిరించాం. అంచు చుట్టూ అంకెలు రాసి, గుండుసూదులతో ఇంకో అట్టకు గుచ్చాం. ఒకటి తిప్పినప్పుడల్లా పక్కవాటిని కూడా చేత్తో జరపాలి. అరగంట తిప్పాక తమ్ముడు సూది పక్కన పెట్టేసి, "అన్నా, అసలు ఇది తెరుచుకుంటుందా?" అన్నాడు.

అప్పటిదాకా ఆ ప్రశ్న నేను వేసుకోలేదు. తాళం ఇచ్చారంటే తెరుచుకుంటుందనే కూర్చున్నాను. ప్రశ్నల్లో ఒకదానికి "ఎన్నిసార్లు తిప్పినా తెరుచుకోదు" అని ఆప్షన్ ఉంది. దాన్ని చూసి కూడా, ఏదో నింపడానికి పెట్టారనుకున్నాను.

ఐదింటిని పక్కన పెట్టి నాలుగు చక్రాలతో మొదలుపెట్టాం. ముందుగా తెలిసింది, ఏది ముందు తిప్పాం ఏది వెనక తిప్పాం అన్నదానితో పని లేదు. మొదటిది రెండుసార్లు, మూడోది ఒకసారి తిప్పినా, వరస మార్చి తిప్పినా తాళం ఒకేచోటికి వస్తుంది. అంటే ఒక్కో చక్రాన్ని ఎన్నిసార్లు తిప్పాలన్నదే లెక్క. పదిసార్లు తిప్పితే తిప్పనట్టే, కాబట్టి ఆ లెక్క కూడా 0 నుంచి 9 లోపే. ఇది గడియారం లెక్క లాంటిదే, పన్నెండుకు బదులు పది.

ఆ తర్వాత తెలిసిందే అసలైనది. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదవండి. మొదటి చక్రం ఎప్పుడు కదులుతుంది? మొదటిది గానీ రెండోది గానీ తిప్పినప్పుడు. రెండో చక్రం ఎప్పుడు కదులుతుంది? మొదటిది, రెండోది, మూడోది తిప్పినప్పుడు. ఈ రెంటికీ తేడా మూడోది ఒక్కటే. కాబట్టి రెండో చక్రం కదలాల్సిన అంకెల్లోంచి మొదటి చక్రం కదలాల్సినవి తీసేస్తే, మూడో చక్రాన్ని ఎన్నిసార్లు తిప్పాలో వచ్చేస్తుంది. తిప్పి చూడనక్కర్లేదు. నాలుగు చక్రాల తాళంలో ఇదే లెక్క అటు చివర నుంచి చేస్తే రెండోదాని సంగతి తేలుతుంది.

2047 దగ్గరున్న తాళాన్ని 7355కి తేవాలనుకోండి. కదలాల్సినవి వరసగా 5, 3, 1, 8. చివరి చక్రం 7 నుంచి 5కి రావాలి, ముందుకే తిప్పాలి కాబట్టి 8. మూడో చక్రాన్ని తిప్పాల్సింది 3 లోంచి 5 పోగా మైనస్ 2, అంటే 8 సార్లు. రెండోదాన్ని 1 లోంచి 8 పోగా మైనస్ 7, అంటే 3 సార్లు. మొదటి చక్రం మొత్తం 5 కదలాలి, రెండోదాన్ని తిప్పినందువల్ల 3 వచ్చేశాయి, కాబట్టి దాన్ని 2 సార్లు. చివరిదానికి మూడోదాని వల్లే 8 వచ్చేశాయి, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. అట్ట మీద తిప్పి చూశాం. సరిగ్గా 7355. రాత్రి పన్నెండున్నరకు తమ్ముడు కేకేస్తే వాళ్ల నాన్న ఉలిక్కిపడి లేచారు.

ఇక ఐదు చక్రాలకు వచ్చాం. ఇటు నుంచి చేస్తే, రెండోదాని కదలికలోంచి మొదటిదాని కదలిక తీసేస్తే మూడోదాని తిప్పుడు వస్తుంది. అటు నుంచి చేస్తే, నాలుగోదాంట్లోంచి ఐదోదాన్ని తీసేసినా అదే మూడోదాని తిప్పుడు రావాలి. మాక్‌లో అడిగిన 46139లో ఇటు నుంచి 6 లోంచి 4 పోతే 2. అటు నుంచి 3 లోంచి 9 పోతే మైనస్ 6, అంటే 4. ఒకే చక్రాన్ని ఏకకాలంలో 2 సార్లూ 4 సార్లూ తిప్పలేం కదా. ఆ తాళం తెరుచుకోదు. జీవితాంతం తిప్పినా తెరుచుకోదు. నేను 18 నిమిషాలు పెట్టింది లేని జవాబు కోసం.

చివరి అంకె 9కి బదులు 1 అయి ఉంటే రెండువైపులా 2 వచ్చేది, తెరుచుకునేది. అదీ ఒక్క దారిలో కాదు, సరిగ్గా పది దారుల్లో. రెండో చక్రాన్ని 0 నుంచి 9 వరకు మీ ఇష్టమొచ్చినన్ని సార్లు తిప్పండి, మిగతావి దాన్ని బట్టి సర్దుకుంటాయి. కానీ ఆ పది దారుల్లోనూ మూడో చక్రం తిప్పుడు మాత్రం 2 సార్లే. ఐదు చక్రాల మీద లక్ష అమరికలు ఉంటే, 00000 నుంచి చేరగలిగేవి పదివేలే. తర్వాత ఇంకా చక్రాలు కలిపి చూస్తే 3, 4, 6, 7 చక్రాలున్నవి ఎప్పుడూ తెరుచుకున్నాయి. 2, 5, 8 ఉన్నవే పేచీ.

ఇలాంటివి ఇదివరకే ఉన్నాయని తర్వాత తెలిసింది. 1995లో లైట్స్ అవుట్ అని ఒక ఎలక్ట్రానిక్ ఆటవస్తువు వచ్చింది. అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు దీపాలు. ఒకటి నొక్కితే అదీ, దాని నాలుగు పక్కలవీ మారతాయి. అందులోనూ అన్ని అమరికలూ ఆర్పలేం, నాలుగింట ఒక వంతే సాధ్యం.

దీని వల్ల మిగతా రీజనింగ్‌కు ఏం ఒరిగిందంటారా? చాలా ఒరిగింది. ఫ్లోర్ పజిల్ (ఎవరు ఏ అంతస్తులో), బాక్స్ పజిల్ (ఏ పెట్టె మీద ఏ పెట్టె), సీటింగ్ (ఎవరి పక్కన ఎవరు) అన్నిట్లోనూ నేను మధ్యలో పట్టుకునేవాణ్ని. తాళం తర్వాత చివర నుంచి మొదలుపెట్టడం అలవాటైంది, ఎందుకంటే చివర ఉన్నదానికి పొరుగు ఒక్కటే. రెండు షరతుల మధ్య తేడా ఏంటో ముందు చూడటం అలవాటైంది. ఇచ్చిన సమాచారం జవాబుకు సరిపోతుందా అని అడిగే డేటా సఫిషియెన్సీలో "రెండూ కలిపినా సరిపోదు" అన్న ఆప్షన్ అంటే ఉన్న భయం పోయింది. అన్నిటికంటే ముఖ్యం, రెండు కేసులు (షరతులన్నిటికీ సరిపోయే రెండు అమరికలు) మిగిలాయని సెట్ మొత్తం వదిలేయడం మానేశాను. పది దారులున్న తాళంలో కూడా మూడో చక్రానికి ఒకటే జవాబు ఉంది కదా! మూడోసారి మెయిన్స్‌లో బాక్సుల సెట్ ఒకటి నాకు చివరిదాకా రెండు కేసులతోనే మిగిలింది. అయినా రెంటిలోనూ ఒకే చోట ఉన్న బాక్సుల మీద మూడు ప్రశ్నలు అడిగారు. ఆ మూడూ పెట్టి, మిగతా రెండూ ముట్టుకోకుండా ముందుకెళ్లాను. పాత నేనైతే ఐదూ వదిలేసేవాణ్ని, లేదా అక్కడే పావుగంట కూర్చునేవాణ్ని.

రోజుకు యాభై సెట్లు చేయమని చెప్పేవాళ్లతో నాకు పేచీ లేదు. కానీ ఒక్క సెట్‌నైనా అట్టముక్కలు కత్తిరించి, చేత్తో తిప్పి, ఎందుకు తెరుచుకుంటోందో ఎందుకు తెరుచుకోవట్లేదో తేలేదాకా వదలకుండా చూడండి. నాకు ఆ ఒక్క రాత్రి నేర్పినంత, అంతకుముందు రెండేళ్ల మాక్‌లు నేర్పలేదు.

మా బ్రాంచిలో లాకర్ తెరవాలంటే ముందు మా తాళం చెవి పెట్టి తిప్పాలి, ఆ తర్వాతే కస్టమర్ చెవి తిరుగుతుంది. మొదటిసారి ఆ పని చేసినప్పుడు ఆ రాత్రి గుర్తొచ్చి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికి ఈ ఏడాది మెయిన్స్ ఉంది. ఫోన్‌లోనే వాడికో కొత్త తాళం ఇచ్చాను, మీరూ చేయండి. నాలుగు చక్రాలు, ఈసారి వరసగా కాదు, గుండ్రంగా. ఏది తిప్పినా అదీ, దాని రెండు పక్కలవీ ఒక్కో అంకె ముందుకు జరుగుతాయి, ఎదురుగా ఉన్నది మాత్రం కదలదు. కదలాల్సినవి వరసగా 2, 5, 1, 6. ఒక్కసారి తిప్పితే మొత్తం మీద మూడు అంకెలు కదులుతాయన్నది పట్టుకోండి, దారి అక్కడుంది. మొదటి చక్రానికి మీకు 7 వచ్చిందేమో చూసుకోండి.