పిలుపు వచ్చేదాకా కదలకూడదు

జూలైలో ఒక ఆదివారం, పొద్దున్నే ఆరింటికల్లా ఇంగ్లండ్‌లో మేముండే రీడింగ్ ఊర్నుంచి బయల్దేరాం. కార్లో నేను, ఎనిమిదేళ్ళ మా పాప, మా పక్కింటి పెద్దావిడ, వెనక డిక్కీలో ఆవిడ నల్ల లాబ్రడార్ టెస్. ఆవిడ కారు గేర్‌బాక్స్ పోయి షెడ్లో ఉంది, ఆరోజు జరిగే గన్‌డాగ్ టెస్ట్‌కి, అంటే వేటకుక్కల పోటీకి, ఎంట్రీ ఫీజు ఎప్పుడో కట్టేసింది, ముందురోజు సాయంత్రం గోడ దగ్గర నిలబడి చాలా మొహమాటంగా అడిగితే సరే నేను తీసుకెళ్తానన్నాను. అప్పటికి గన్‌డాగ్ టెస్ట్ అంటే ఏంటో నాకు ఒక్క ముక్క తెలీదు.

ఎం4 హైవే మీద స్విండన్ దాకా వెళ్ళి, 15వ జంక్షన్‌లో దిగి, ఏ419 రోడ్డు పట్టుకుని సైరెన్సెస్టర్ వైపు పోతుంటే దారంతా ఆవిడ చెప్తూనే ఉంది. ఇక్కడ కోడంత ఉండి పొడవాటి తోక ఉండే ఫెజంట్ పక్షుల వేట అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 దాకానే, తుపాకీతో కొట్టిన పక్షిని పొదల్లోంచో చెరువులోంచో వెతికి నోట కరిచి తేవడం ఈ కుక్కల పని, మరి ఎండాకాలంలో వేట ఉండదు కాబట్టి పక్షుల బదులు డమ్మీలు పెట్టి టెస్టులు నడుపుతారు, దాన్నే వర్కింగ్ టెస్ట్ అంటారట. ఈరోజు వచ్చే డబ్బంతా ఎయిర్ అంబులెన్స్‌కి. ఇక్కడ ఆ హెలికాప్టర్లు చాలావరకు జనం ఇచ్చే విరాళాల మీదే ఎగురుతాయి. వాళ్ళాయన నిచ్చెన మీంచి పడినప్పుడు పొలంలో దిగి తీసుకెళ్ళింది అలాంటి హెలికాప్టరే అని చెప్పి, తర్వాత కాసేపు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది.

టెస్ట్ జరిగే ఎస్టేట్‌కి చేరేసరికి గడ్డిలో ఇంకా మంచు తడి ఉంది. ఓ యాభై కార్లు, డిక్కీలన్నీ తెరిచి, ప్రతి దాంట్లో ఒకటో రెండో లాబ్రడార్లో గోల్డెన్ రిట్రీవర్లో, కానీ ఆశ్చర్యం ఏంటంటే ఒక్క కుక్క కూడా అరవట్లేదు! మా వీధిలో రెండు కుక్కలు ఎదురుపడితే ఎంత గొడవో నాకు తెలుసు. ఇక్కడ అరిస్తే, మూలిగితే మార్కులు పోతాయట.

డమ్మీలు విసిరేవాళ్ళు తక్కువయ్యారని నన్ను పిలిచారు. పప్పీల టెస్ట్, అంటే ఏడాదిన్నర లోపు కుక్కలవి. నేనూ పాపా ఒక హెడ్జ్ (పొదల కంచె) పక్కన నిలబడ్డాం, పక్కనే ఒకాయన ఖాళీ తూటా పేలుస్తాడు, ఆ శబ్దానికి కుక్క ఇటు చూడగానే నేను డమ్మీ ఎత్తుగా విసరాలి. ఆకుపచ్చ కాన్వాస్ సంచి, దాదాపు అరకిలో, చివర తాడు. నాలుగైదు కుక్కలు తెచ్చాక ఎంగిలితో, తడితో జిగురుగా అయిపోయింది కానీ ఎక్కడా పంటి గాటు లేదు, పాప అటూ ఇటూ తిప్పి మరీ చూసింది. పక్షిని నలపకుండా తేవాలి కాబట్టి నోరు అంత మెత్తగా ఉండాలట.

ఓసారి నేను విసిరింది హాథార్న్ ముళ్ళకంపలో ఇరుక్కుంది. జడ్జిగారు "నో బర్డ్" అని కేకేశారు, అంటే అది లెక్కలోకి రాదు, మళ్ళీ విసరాలి. అవతల పసుపు రంగు పిల్ల కుక్క, దానికి డమ్మీ కనిపించింది, ఒళ్ళంతా వణుకుతోంది, తోక గడ్డిని ఊడ్చేస్తోంది, కానీ కూర్చున్నచోటు నుంచి లేవలేదు. నేను వెళ్ళి కంపలోంచి తీసుకొచ్చి మళ్ళీ విసిరేదాకా అలాగే ఉంది. "నాన్నా, దానికి కావాలి కదా, మరి ఎందుకు పరిగెత్తట్లేదు?" అంది పాప. నాకు జవాబు తెలీలేదు. నాకు ఆరోజు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది ఆ కూర్చోవడమే, పరుగు కాదు.

మధ్యాహ్నం పులిహోర డబ్బా తెరిస్తే పక్కింటావిడ రెండుసార్లు పెట్టించుకుంది. తర్వాత నోవిస్ క్లాస్, అంటే తొలిస్థాయి కుక్కలది, టెస్ వంతు. ఒక్కో టెస్ట్‌కి 20 మార్కులు, మొత్తం నాలుగు.

బ్లైండ్ అని ఒకటి ఉంది. డమ్మీ ఎక్కడ పెట్టారో కుక్క చూడదు, నడిపించేవాళ్ళకి మాత్రం తెలుసు. ఆవిడ చెయ్యి చాచి పంపింది, టెస్ గీత గీసినట్టు వెళ్ళింది, కాస్త కుడికి తప్పింది, ఒక పొడవు విజిల్, అంతే, ఎనభై గజాల అవతల గిరుక్కున తిరిగి కూర్చుని ఈవిడ మొహం వైపు చూసింది. ఆవిడ ఎడమ చెయ్యి చాపింది. అటు వెళ్ళింది. తనకి ఏమీ కనబడకపోయినా ఆవిడ మాట నమ్మి వెళ్ళడం చూస్తే నాకు గొంతు పట్టేసింది, నిజంగా.

తర్వాత చెరువు. ఈ జాతి పూర్వీకులు కెనడా వైపు న్యూఫౌండ్‌లాండ్‌లో జాలర్లతో పనిచేసిన కుక్కలు, నీళ్ళు అంటని బొచ్చు, చుక్కానిలాంటి లావు తోక అందుకే. టెస్ ఈదుకుంటూ వచ్చి ఒడ్డెక్కింది. చెవుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, ఒళ్ళు విదిలించుకోవాలని భుజాల దగ్గర చర్మం అదురుతోంది, అయినా డమ్మీ ఆవిడ చేతిలో పెట్టేదాకా ఆపుకుని, అప్పుడు విదిలించింది, మేమంతా తడిసిపోయాం. కూకట్‌పల్లిలో మా అన్నయ్య వాళ్ళ లాబ్ గుర్తొచ్చింది, మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఏసీ కింద పడుకుని నలభై ఐదు కిలోలయ్యింది పాపం. ఈసారి వెళ్తే దాన్ని చెరువుకి తీసుకెళ్ళాలి.

ఆఖరిది వాకప్. ఆరు కుక్కలు, ఆరుగురు మనుషులు వరసగా పొలంలో నడుస్తారు, తుపాకీ పేలుతుంది, డమ్మీ ఎగురుతుంది, అందరూ ఆగాలి, జడ్జి ఏ నంబర్ చెప్తే ఆ కుక్కే వెళ్ళాలి. టెస్ ముగ్గురి వంతులు చూస్తూ కూర్చుంది. నాలుగోది మరీ దగ్గర్లో పడింది, జడ్జి వేరే నంబర్ పిలిచే లోపే టెస్ వెళ్ళిపోయింది. సున్నా. అంతకుముందు వచ్చిన 17, 18, 18 ఇంక దేనికీ పనికిరావు.

ఆవిడ తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. డమ్మీ తీసుకుని, మెడలో స్లిప్ లీడ్ తాడు వేసి, జడ్జికి థాంక్స్ చెప్పి వచ్చేసింది. రాఫిల్ (లక్కీ డ్రా) టికెట్లు మాత్రం ఇంకో పది కొంది, మేమూ కొన్నాం.

తిరుగు ప్రయాణంలో కారంతా తడి కుక్క వాసన, పాప నిద్రపోయింది. మర్నాడు పొద్దున కాఫీ పెడుతూ వంటింటి కిటికీలోంచి చూశాను. టెస్‌ని కూర్చోబెట్టి ఆవిడ డమ్మీ విసిరింది. తనే నడిచి వెళ్ళి తెచ్చుకుంది. మళ్ళీ విసిరింది, మళ్ళీ తనే వెళ్ళింది. అలా తొమ్మిదిసార్లు, టెస్ కదలకుండా చూస్తోంది. పదోసారి దాని పేరు పిలిచింది.