కంఠీరవ ట్రాక్ నుంచి నంది కొండ మెట్ల దాకా

మదనపల్లె నుంచి ఉద్యోగానికి బెంగళూరు వచ్చిన కొత్తలో కబ్బన్ పార్కు రోడ్ల మీద మొదలైన నా పరుగు, తరువాత కంఠీరవ స్టేడియం ట్రాక్ మీదికి మారింది. ఆ రెండు చోట్లా నాకు తెలిసిన కొలత ఒక్కటే: కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు. ట్రాక్ మీద ఆ లెక్కకు తిరుగులేదు. 2020లో స్పెయిన్‌లోని వాలెన్సియాలో ఉగాండా పరుగువీరుడు జాషువా చెప్తెగై 10,000 మీటర్లను 26 నిమిషాల 11 సెకన్లలో ముగించాడంటే, 25 ల్యాపులలో ఒక్కొక్కదానికి సగటున 63 సెకన్లు కూడా పట్టలేదన్నమాట. వేగాన్ని చివరి దాకా చెదరనివ్వకపోవడమే అక్కడి విద్య, దాని మీద నాకు నేటికీ ఎంతో గౌరవం.

రెండేళ్ల క్రితం ఒక ఆదివారం, బెంగళూరు దగ్గరి నంది కొండను సుల్తాన్‌పేట వైపు నుంచి ఎక్కే పాత రాతి మెట్ల దారిలో ఆ కొలత నాకు పనికిరాకుండా పోయింది. గుండె ట్రాక్ మీద చివరి ల్యాపులో కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంటే, వాచీ మాత్రం నడక వేగం చూపించింది. సిగ్గుపడి మళ్లీ పరుగు అందుకోబోతుంటే, మాతో వచ్చిన కడప పెద్దాయన ఒకరు, "చేతులు మోకాళ్ల మీద ఆనించి తోస్తూ నడువు తమ్ముడూ, ఇక్కడ నడక కూడా పందెంలో భాగమే" అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం. స్విట్జర్లాండులోని ఫుల్లీలో 1.92 కిలోమీటర్ల దూరంలోనే 1,000 మీటర్ల ఎత్తు ఎక్కే పందెం ఉంది. 2017లో ఇటలీ కొండ పరుగువీరుడు ఫిలిప్ గోట్ష్ దానిని 28 నిమిషాల 53 సెకన్లలో ముగించి రికార్డు నెలకొల్పాడు. అంటే గంటకు సుమారు 4 కిలోమీటర్లు, మనం కూరగాయలకు వెళ్లే నడక వేగం! 2023లో షికాగో మారథాన్‌లో కెన్యా పరుగువీరుడు కెల్విన్ కిప్టమ్ ఒక్కో కిలోమీటరును మూడు నిమిషాల లోపే దాటాడు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఎవరు గొప్పని అడగడంలో అర్థం లేదు.

అయితే నా దృష్టిలో అసలు తేడా ఎక్కడంలో కంటే దిగడంలో ఉంది. ఎక్కేటప్పుడు, రోడ్డు మీద సంపాదించుకున్న ఊపిరి చాలావరకు అక్కరకు వస్తుంది. దిగేటప్పుడు తొడల ముందు కండరాలు ఒళ్లు బరువును ఆపుతూనే సాగవలసి వస్తుంది, అలా సాగుతూ బరువు మోయడం వల్ల వాటిలో సూక్ష్మమైన చిరుగులు ఏర్పడతాయి. నొప్పి వెంటనే కాక మరునాడో ఆ మరునాడో ముదురుతుంది. ఆ ఆదివారం తరువాత మూడు రోజుల పాటు నేను మెట్రో స్టేషన్ మెట్లు పక్కకు తిరిగి దిగాను. రోడ్డు పరుగులోనూ ఈ దెబ్బ తెలిసినవారున్నారు: బోస్టన్ మారథాన్‌లో న్యూటన్ అనే ఊరి దగ్గరి ఎక్కుడు దారులకే పేరు ఎక్కువ గానీ, వాటికి ముందున్న దిగుడు దారే తొడలను అలసటకు గురిచేస్తుంది. మేలు ఏమిటంటే, ఒకసారి ఇలా దిగిన కండరం కొన్ని వారాల పాటు తరువాతి దిగుడును మెరుగ్గా తట్టుకుంటుంది. కాబట్టి దిగడాన్ని కొద్దికొద్దిగా, విడిగా సాధన చేయాలి.

కాళ్లతో పాటు చూపునూ మార్చుకోవలసి వచ్చింది. ట్రాక్ మీద అడుగు ఎక్కడ పడుతుందో ఆలోచించనక్కరలేదు. నంది మెట్లు ఒకదానితో ఒకటి సమానంగా ఉండవు కనుక నాలుగైదు మెట్ల ముందుకు చూస్తూ, అడుగులు చిన్నవి చేసి, చేతులు కాస్త విడదీసి దిగడం నేర్చుకున్నాను.

ఇప్పుడు మంగళవారం ట్రాక్, ఆదివారం కొండ. ఎక్కేటప్పుడు వాచీ చూడను, దిగడానికి పట్టిన సమయాన్ని మాత్రం రాసి పెట్టుకుంటున్నాను.